దండలు చాలు, నోటీసులు తెలుగులో ఇవ్వండి
పల్నాడు ప్రజలకు విజ్ఞప్తి



ఎన్నికలొస్తే చాలు, మన నాయకులకు తెలుగువాడి ఆత్మగౌరవం గుర్తొస్తుంది. పంచెకట్టు, కండువా, తెలుగుతల్లి విగ్రహానికి దండ. గెలిచాక వాళ్ల ప్రభుత్వం ఇచ్చే జీవో మాత్రం ఇంగ్లీషులో!

మన సత్తెనపల్లి నుంచే శాసనసభకు నాలుగుసార్లు గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్య గారి దారి వేరు. 1906లో పుట్టి, స్వాతంత్ర్య పోరాటంలో జైలుకెళ్లి, గ్రంథాలయోద్యమంలో తిరిగి, విశాలాంధ్ర కోసం పాటుపడిన మనిషి. ఆ కథంతా చెప్పడానికి ఈ కాగితం చాలదు. ఇప్పుడు మనకు కావలసింది ఆయన శాసనసభ వదిలాక చేసిన పని.

తెలుగువాళ్లందరికీ ఒకే రాష్ట్రం 1956లో వచ్చింది. తెలుగును అధికార భాష చేస్తూ చట్టం రావడానికి మరో పదేళ్లు పట్టింది. ఆ చట్టాన్ని అమలు చేయించే అధికార భాషా సంఘం 1974లో గానీ ఏర్పడలేదు. దానికి తొలి అధ్యక్షుడు వావిలాల. అప్పట్లో సాకులకు కొదవ లేదు: తెలుగు టైపు మిషన్లు చాలవు, పాలనకు తగిన మాటలు లేవు, గుమస్తాలకు అలవాటు లేదు. భాషాభిమానమంటే ఉపన్యాసం కాదు, ఆఫీసు బల్ల మీది కాగితమని నమ్మిన నాయకుడికి దొరికిన పని అది. సన్మానాలూ చప్పట్లూ రాని పని.

ఇవాళ తెలుగు టైపు ప్రతి ఫోనులోనూ ఉంది. అయినా పొలం మీద అభ్యంతరానికో, పింఛను ఆపడానికో ఇంగ్లీషు ముక్క చేతికొస్తే, అది చదివించుకోవడానికి ఇంకొకరి గడప తొక్కాల్సిందే. దళారీ పుట్టేది అక్కడే. అర్థమయ్యేలోపు గడువు దాటిపోతుంది.

మేము అడిగేది ఒక్క చట్టమే. భూమి, ఇల్లు, రేషను, పింఛను, వీటికి నష్టం తెచ్చే ఏ నోటీసైనా తెలుగు ప్రతి లేకుండా చెల్లకూడదు. జవాబుకిచ్చే గడువు ఆ ప్రతి చేతికందిన రోజు నుంచే లెక్కకు రావాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్‌ను పంచాయతీలో స్థానిక భాషలో ప్రకటించాల్సిందే. పొలం తీసుకునేటప్పుడు పాటించే నియమం పింఛను తీసేసేటప్పుడు ఎందుకు పనికిరాదు? ఉర్దూ చదివే కుటుంబాలకు ఉర్దూలో ఇవ్వండి. 2022 నుంచి అదీ మన రాష్ట్రంలో అధికార భాషే.

"అయితే పిల్లలకు ఇంగ్లీషు వద్దా?" అని మాట మార్చేవాళ్లుంటారు. బడి సంగతి వేరు, దాన్ని ఇందులోకి లాగకండి. ఇంగ్లీషు బాగా వచ్చిన కొడుకు హైదరాబాదులో ఉంటాడు. నోటీసు అందుకునేది ఇక్కడున్న తల్లి.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. అర్జీ తెలుగులోనే రాయండి, రాజ్యాంగం 350వ అధికరణం ఆ హక్కు ఇచ్చింది. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తూ తెలుగులో పెట్టవచ్చు. ఇంగ్లీషు నోటీసు వస్తే తెలుగు ప్రతి కావాలని రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోండి. గ్రామసభలో తీర్మానం పెట్టించండి.

వావిలాల విగ్రహానికి దండ వేయడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ నిలబెట్టి అడగండి: ఈ చట్టానికి బిల్లు సభలో పెడతావా, లేదా? సూటిగా జవాబివ్వనివాడికి ఓటు వేయకండి.