పిల్లి చెవి నేర్పిన పాఠం



మా ఇంట్లో బుజ్జి అనే పిల్లి ఉంది. తొమ్మిదేళ్ల మగ పిల్లి, బాగా బొద్దుగా ఉండేది. రెండేళ్ల క్రితం వేసవిలో అది అదేపనిగా నీళ్లు తాగడం, మాటిమాటికీ మూత్రం పోయడం మొదలుపెట్టింది. కడుపునిండా తింటూనే చిక్కిపోయింది. పశువుల డాక్టరుగారు రక్తం, మూత్రం పరీక్ష చేసి, "టీచరుగారూ, దీనికి షుగరు వచ్చిందండీ" అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

పిల్లులకు వచ్చే షుగరు చాలావరకు మనలో పెద్ద వయసువారికి వచ్చే టైప్ 2 షుగరు వంటిదే. వయసు మీరి, ఒళ్లు చేసిన మగ పిల్లుల్లో ఎక్కువగా వస్తుంది. త్వరగా గుర్తించి, ఇన్సులిన్ ఇచ్చి, అన్నం వంటివి తగ్గించి మాంసం, చేప పెడితే కొన్ని పిల్లులకు కొన్నాళ్లకు ఇన్సులిన్ అవసరమే తప్పిపోతుంది. బుజ్జికి పూటకు ఒక యూనిట్ చొప్పున రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ రాశారు. దానితోపాటు, "ఇంట్లోనే షుగరు చూడడం మీరు నేర్చుకోవాలి" అన్నారు. ఆసుపత్రికి తెచ్చిన పిల్లి భయంతో బిగుసుకుపోతుంది. ఆ భయానికే షుగరు పైకి ఎగబాకుతుంది. ఆ అంకెను నమ్మి మందు పెంచితే, ఇంటికి వెళ్లాక షుగరు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. నిజంగానే ఆసుపత్రిలో 380 చూపించిన బుజ్జికి, ఇంట్లో నా ఒళ్లో పడుకున్నప్పుడు 240 వచ్చింది.

మొదటి వారం నా చేతులు వణికాయి. పిల్లి గీరింది. స్ట్రిప్పులు వృథా అయ్యాయి. తర్వాత పద్ధతి తెలిసింది. గోరువెచ్చని గుడ్డతో చెవిని ఒక నిమిషం వెచ్చబెట్టాలి. చెవి వెనుక దూది మడిచి పెట్టి, అంచున సన్నని నరం పక్కన సూదితో ఒక్క చుక్క రక్తం తీయాలి. దూదితో కాసేపు నొక్కి పట్టాలి. చివర ఒక చిన్న చేప ముక్క ఇవ్వాలి. మూడో వారానికి నేను మిషను తీయగానే బుజ్జి తానే వచ్చి కూర్చునేది. మనుషుల మిషను పిల్లి రక్తంలో అసలు కంటే కొంత తక్కువ చూపిస్తుందని డాక్టరుగారు ముందే చెప్పారు కాబట్టి, ఆ లెక్కతోనే అంకెలు పుస్తకంలో రాసేదాన్ని.

ఇరుగుపొరుగువారు నవ్వారు. "మనుషులకే దిక్కు లేదు, పిల్లికి షుగరు టెస్టా?" అన్నారు. ఆ మాట నన్ను గుచ్చింది. ఎందుకో తర్వాత తెలిసింది.

ఒక సాయంత్రం బుజ్జి తిండి ముట్టలేదు. నడుస్తుంటే వెనక కాళ్లు తూలుతున్నాయి. ఇన్సులిన్ వేళ అయింది, సిరంజి చేతిలో ఉంది. ముందు పరీక్ష చేద్దామని చూస్తే 48. సిరంజి పక్కన పెట్టి, తేనె దాని చిగుళ్లకు రాసి, డాక్టరుగారికి ఫోను చేశాను. అరగంటలో తేరుకుంది. ఆ ఒక్క చుక్క చూడకుండా సూది పొడిచి ఉంటే తెల్లవారేసరికి పిల్లి ఉండేది కాదు.

ఆ రాత్రి మావారు నెమ్మదిగా అన్నారు: "పిల్లికి రోజూ చూస్తున్నావు, నాకూ ఒకసారి చూడరాదూ?"

ఆయనకు పద్నాలుగేళ్లుగా షుగరు. రెండు పూటలా ఇన్సులిన్ తీసుకుంటారు. మా అమ్మాయి కొనిచ్చిన మిషను మూడేళ్లుగా బీరువాలో డబ్బా విప్పకుండానే ఉంది. నెలకొకసారి ల్యాబులో చూపిస్తున్నాం కదా అనుకున్నాం. కొన్ని వారాలుగా తెల్లవారుజామున ఆయనకు ఒళ్లంతా చెమటలు, గుండె దడ. గ్యాస్ అనుకుని మజ్జిగ తాగేవారు. మర్నాడు కొత్త స్ట్రిప్పులు, ఆయనకు వేరే సూదులు కొన్నాను. ఆ రాత్రి మూడు గంటలకు చెమటతో లేచినప్పుడు వేలు గుచ్చి చూస్తే 58. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూశాను. 91 వచ్చింది. ఉదయం ఆ అంకెలు చూసి మన డాక్టరమ్మగారు రాత్రి ఇన్సులిన్ తగ్గించారు. నెలకొకసారి పగటిపూట చేసే పరీక్షలో తెల్లవారుజామున పడిపోయే షుగరు ఎలా కనబడుతుంది?

అందుకే నేను అనేది ఇది: ఇన్సులిన్ గాని, షుగరును బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారి ఇంట్లో కనీసం ఒకరికైనా షుగరు చూడడం వచ్చి ఉండాలి. మన ఆసుపత్రి కూడా మందుచీటీతోపాటు ఇంటివారిని పది నిమిషాలు కూర్చోబెట్టి వారి చేతనే ఒకసారి చేయించి పంపాలి.

"ఇంట్లో చూసుకుంటే రోగులు సొంతంగా మందు మారుస్తారు" అని కొందరు డాక్టర్లు భయపడతారు. ఆ భయం కొత్తది కాదు. 1969లో అమెరికాలో రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరు, తానే షుగరు రోగి, ఈ మిషను కొనాలనుకుంటే దాన్ని డాక్టర్లకే తప్ప రోగులకు అమ్మలేదు. డాక్టరైన ఆయన భార్య పేరు మీద కొనవలసి వచ్చింది. ఆయన ఇంట్లో చేసిన పనినే ఈనాడు లోకమంతా చేస్తోంది. సొంతంగా మందు మార్చకూడదన్నది నిజమే. అంకె రాసుకుని డాక్టరుకు చూపించాలి. అయితే పడిపోయిన షుగరుకు పంచదార పెట్టడానికి అనుమతి కోసం ఎదురు చూడనక్కరలేదు.

ఖర్చు మాట కూడా నిజమే. అందరూ రోజూ చూసుకోనక్కరలేదు. ఎవరు ఎన్నిసార్లు చూడాలో డాక్టరు చెబుతారు. కాని చెమట, వణుకు, దడ, తికమక కనబడినప్పుడు మాత్రం ఒక స్ట్రిప్పుకు వెనుకాడవద్దు.

కొన్ని జాగ్రత్తలు: చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోండి, మామిడిపండు తిన్న వేలితో చూస్తే తప్పు అంకె వస్తుంది. వేలి కొనన కాక పక్కన గుచ్చండి, నొప్పి తక్కువ. స్ట్రిప్పుల డబ్బా మూత గట్టిగా పెట్టండి, గడువు తేదీ చూడండి. ఒకరి సూది ఇంకొకరికి వాడకండి. 70 కంటే తగ్గితే వెంటనే పంచదార ఇవ్వండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం నీళ్లు గాని మరేదైనా గాని పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. 40 యూనిట్ల ఇన్సులిన్ సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లదానికి నారింజ రంగు మూత సిరంజి. ఇవి తారుమారైతే మోతాదే మారిపోతుంది.

బుజ్జి ఇప్పుడు ఇన్సులిన్ లేకుండానే తిరుగుతోంది. మావారు రాత్రి హాయిగా నిద్రపోతున్నారు. మీ బీరువాలో కూడా విప్పని డబ్బా ఉంటే, దయచేసి ఈ రోజే తీయండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని