ఐఎంజీ 0042 ఎక్కడి ఫోటో?

మీ తరగతి వాళ్లంతా హిందూపురం నుంచి రెండు రోజుల విజ్ఞానయాత్రకు బయలుదేరారనుకోండి. మొదటిరోజు ఉదయం లేపాక్షి, సాయంత్రానికి పెనుకొండ కోట, మర్నాడు ధర్మవరంలో పట్టు మగ్గాలు. ఒకరి దగ్గర నాన్నగారి పాత డిజిటల్ కెమేరా ఉంది. మరొకరి చేతిలో అక్క సెల్‌ఫోను, మూడోది మాష్టారి ఫోను. తిరిగొచ్చేసరికి ఆరువందల ఫోటోలు పోగయ్యాయి. అన్నింటినీ బడి కంప్యూటరులో ఒకే ఫోల్డరులో పోశారు. నెల తిరగకముందే మాష్టారు అడిగారు: "లేపాక్షి లతామండపం స్తంభం మీద చూసిన తీగె, ధర్మవరంలో చీర అంచు మీదా కనబడిందన్నారే, ఆ రెండు ఫోటోలూ తీయండి, పక్కపక్కన పెట్టి చూద్దాం." ఇక వెతకండి!

ఈ తిప్పలు ఫోటోలు ఎక్కువైనందువల్ల వచ్చినవి కావు. గ్రంథాలయంలో వేల పుస్తకాలున్నా అడిగిన పుస్తకం రెండు నిమిషాల్లో చేతికొస్తుంది కదా! ఇబ్బందంతా పేర్లలో ఉంది. ఈ విషయంలో నా అభిప్రాయం మీకు కొంచెం వింతగా తోచవచ్చు. ఫోటో ఫైలు పేరులో ఆ ఫోటోలో ఏముందో రాయకూడదంటాను. ఎప్పుడు తీశారు, ఏ కెమేరాతో తీశారు, ఈ రెండూ ఉంటే పేరుకు చాలు. బొమ్మలో ఏముందో రాయడానికి వేరే చోటుంది.

ముందు కెమేరా తనంతట తాను ఏం పేరు పెడుతుందో చూడండి. 1998లో జపాను ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం కెమేరాలన్నింటికీ ఒక కట్టుబాటు చేసింది. ఫోటోలన్నీ డీసీఐఎం అనే ఫోల్డరులో ఉండాలి. ఫైలు పేరుకు మొత్తం ఎనిమిది స్థానాలు. మొదటి నాలుగూ కంపెనీ ఇష్టం, చివరి నాలుగూ 0001 నుంచి 9999 దాకా అంకెలు. ఎనిమిదే ఎందుకంటే పాత కంప్యూటర్ల పద్ధతిలో ఫైలు పేరుకు అంతకుమించి చోటు ఉండేది కాదు. అందుకే కానన్ కెమేరా ఐఎంజీ అంటుంది, నికాన్ డీఎస్‌సీ అంటుంది. కానన్ కెమేరాలు రెండుంటే రెండింటిలోనూ ఐఎంజీ 0042 ఉంటుంది. అంతేకాదు, పదివేలో ఫోటో దగ్గర లెక్క మళ్లీ మొదటికొస్తుంది. కొన్ని కెమేరాలలో కొత్త కార్డు వేసినా అంతే. ఈ రెండు 0042లనూ ఒకే ఫోల్డరులోకి కాపీ చేసినప్పుడు "పాతదాని స్థానంలో దీన్ని ఉంచమంటారా?" అని కంప్యూటరు అడుగుతుంది. తొందరలో "సరే" అని నొక్కారా, లేపాక్షి నంది పోయి దాని చోట ఎవరి టిఫిను డబ్బానో మిగులుతుంది!

సెల్‌ఫోన్లు కొంత నయం. ఇప్పటి ఫోన్లు చాలావరకు తేదీనీ, సమయాన్నీ సెకన్లతో సహా పేరులోనే రాస్తాయి. కాని రెండు ఫోన్లు ఒకే సెకనులో నొక్కితే? మాష్టారు "రెడీ" అనగానే అందరూ కలిసి తీసే గ్రూపు ఫోటోలో జరిగేది సరిగ్గా అదే. అందుకే పేరులో కెమేరా గుర్తు కూడా తప్పదు.

తేదీ రాయడంలో ఒక కిటుకుంది. మనం నోటుపుస్తకంలో రోజు, నెల, సంవత్సరం అని రాస్తాం. కంప్యూటరు మాత్రం పేర్లను నిఘంటువులో పదాల్లాగా ఎడమనుంచి ఒక్కో అక్షరం పోలుస్తూ వరుస పెడుతుంది. దాని లెక్కలో 05-02-2026 ముందొస్తుంది, 24-01-2026 తరువాతొస్తుంది. ఫిబ్రవరి తరువాత జనవరి! సంవత్సరం ముందు, తరువాత నెల, ఆపైన రోజు రాస్తే ఈ తికమక పోతుంది. 20260124 ఎప్పుడూ 20260205 కంటే ముందే ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1988లో 8601 నంబరు ప్రమాణంగా ప్రకటించిన తేదీ పద్ధతి ఇదే. నెలకు 1 అని రాయక 01 అని సున్నా చేర్చడమూ ఇందుకే. సున్నా లేకపోతే అక్షరాల పోలికలో 2 కంటే 10 ముందొచ్చి కూర్చుంటుంది.

ఇక నేను చెప్పే పేరు ఇలా ఉంటుంది: 20260124_101530_అ_0042. జనవరి 24, పదింటి పదిహేను నిమిషాల ముప్ఫై సెకన్లకు, "అ" కెమేరాతో తీసినది, కెమేరా పెట్టిన నంబరు 0042. నాన్నగారి కెమేరా "అ", అక్క ఫోను "ఆ", మాష్టారి ఫోను "ఇ". (తెలుగు అక్షరాలు ఒప్పుకుంటుందా అని సందేహించకండి. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ నుంచీ మన అక్షరాలకు అందులో చోటుంది.) ఆరువందల ఫోటోలకు ఒక్కొక్కటిగా చేత్తో పేర్లు మార్చక్కరలేదు. ప్రతి ఫోటో ఫైలు లోపల ఎక్సిఫ్ అనే చిన్న చీటీ ఉంటుంది. తీసిన తేదీ, సమయం, కెమేరా రకం, ఫోను అయితే ఒక్కోసారి అక్షాంశ రేఖాంశాలు కూడా అందులో ఉంటాయి. ఆ చీటీ చదివి పేర్లన్నీ ఒక్కసారిగా మార్చే ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి. కార్డులోని అసలు ఫోటోలను అలాగే ఉంచి, కాపీల మీదే ఈ పని చేయాలి.

అయితే ఆ చీటీలో సమయం రాసేది కెమేరాలోని గడియారం. అది తప్పయితే చీటీ కూడా తప్పే! ఫోన్లు సమయాన్ని నెట్‌వర్కు నుంచి తీసుకుంటాయి కాబట్టి వాటితో పేచీ లేదు. బీరువాలో ఏళ్లతరబడి పడున్న కెమేరాకు తేదీ ఎలా తెలుస్తుంది? దీనికి మందు చాలా సులువు. బయలుదేరే ముందు మాష్టారి ఫోనులో సెకన్లు చూపే గడియారం తెరిచి, దాన్ని పాత కెమేరాతో ఒక ఫోటో తీయండి. ఫోటోలో కనిపించే సమయం 9 గంటల 52 నిమిషాల 40 సెకన్లు. లోపలి చీటీ మాత్రం 9 గంటల 47 నిమిషాల 10 సెకన్లు అంటోంది. అంటే ఆ కెమేరా 5 నిమిషాల 30 సెకన్లు వెనకబడి ఉంది. ఆ యాత్రలో అది తీసిన ప్రతి ఫోటోకూ అంత కలిపితే సరి. గడియారం ఏకంగా ఏళ్లు వెనక్కి పోయినా తీసివేత మారదు.

ఐదు నిమిషాల తేడాకు ఇంత హడావిడా అంటారేమో. సమయం సరిపోలితే మూడు కెమేరాల ఫోటోలూ ఒకే వరుసలో కూర్చుంటాయి. అప్పుడు "ఇ" ఫోను పెనుకొండ గగనమహలు బోర్డును తీసిందంటే, ఆ వెంటనే "అ" కెమేరా తీసిన గోడ ఏ కట్టడానిదో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఐదు నిమిషాలు తప్పితే ఆ గోడ మరో గోడై కూర్చుంటుంది.

మరి "లతామండపం_తీగె" అని పేరు పెట్టుకుంటే తప్పేమిటని మీరు అడగవచ్చు. దీనికి జవాబు శాసనాలు చదివేవారి దగ్గరుంది. లేపాక్షి ఆలయంలో రాతి మీద చెక్కిన శాసనాలు చాలా ఉన్నాయి. శాసన శాఖవారు తడిపిన కాగితాన్ని రాయి మీద పరిచి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది ప్రతి తీస్తారు. పందొమ్మిదో శతాబ్దం చివరినుంచీ అలా తీసిన ప్రతులకు వాళ్లు పెట్టుకున్న పేరు ఒక సంఖ్య, ఒక సంవత్సరం, అంతే. ఊరు, రాజు, భాష, కాలం, విషయం ఇవన్నీ వార్షిక నివేదికలో ఆ సంఖ్యకెదురుగా గడుల్లో ఉంటాయి. రేపు మరో పండితుడు ఆ శాసనాన్ని ఇంకోలా చదివితే వివరం మారుతుంది, సంఖ్య మాత్రం మారదు. ఫలానా సంవత్సరపు ఫలానా నంబరు అని పాత పుస్తకంలో చూసినవారు నేటికీ దాన్ని పట్టుకోగలరు.

ఊరిపేర్లు కూడా మనం అనుకున్నంత స్థిరమైనవి కావు. ఒకరు పెనుకొండ అని రాస్తారు, ఇంకొకరు పెనుగొండ అంటారు. పెనుగొండ పశ్చిమగోదావరి జిల్లాలో వేరే ఉంది! హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ అనంతపురం జిల్లాలోనే ఉండేవి. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. ఫైలు పేరులో జిల్లా రాసుకున్నవారి పాత ఫోటోలు ఒక జిల్లాలో, కొత్తవి ఇంకో జిల్లాలో ఉంటాయి. ఊరిని ఫోల్డరుకు పెట్టుకోండి, అదీ రైల్వేవారి పొట్టిపేరుతో. హిందూపురం హెచ్‌యూపీ, పెనుకొండ పీకేడీ, ధర్మవరం డీఎంఎం. మూడూ బెంగుళూరు వెళ్లే దారిలో ఒకే రైలుమార్గం మీద ఉన్నవే. ఒక స్టేషను గుర్తు దేశంలో మరో స్టేషనుకు ఉండదు. లేపాక్షికి స్టేషను లేదు గదా అంటే, దాన్ని హిందూపురంలో కలిపి, లేపాక్షి అని రిజిస్టరులో రాయండి.

ఇప్పటి కంప్యూటర్లు బొమ్మను చూసి ఏముందో చెప్పేస్తున్నాయి, ఇదంతా ఎందుకనే వాదం కూడా విన్నాను. అవి "ఇది రాతిస్తంభం" అని చెప్పగలవు, నిజమే. ఏ వరుసలో ఎన్నోది? ఆ రోజు అంచు నేస్తున్న చీర ఏ రకం? ఇవి అక్కడ నిలబడి చూసిన మీకే తెలుసు. అదీ వారం రోజులు మాత్రమే! అందుకే రిజిస్టరు ఆ సాయంత్రమే రాయాలి. ఫైలు పేరు, చోటు, ఏమిటి, తీసినవారు - నాలుగు గడులు చాలు. మరో మాట, ఫోటోలను వాట్సాప్‌లో పంపి పోగుచేయకండి. మామూలుగా పంపిన ఫోటో నాణ్యత తగ్గుతుంది, లోపలి చీటీ పోతుంది, పేరులో కనబడే తేదీ ఫోటో తీసిన రోజుది కాకుండా అందిన రోజుదవుతుంది. కార్డు నుంచో, ఫోను నుంచో తీగతో నేరుగా కాపీ చేయండి.

లేపాక్షి పైకప్పు మీది చిత్రాలు పదహారో శతాబ్దానివి. చాలాచోట్ల రంగు రాలిపోయింది. 2022లో ఆ ఆలయం, నంది కలిసి యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. మీరు ఈ జనవరిలో తీసిన ఒక మూల ఫోటో, పదేళ్ల తరువాత మరో తరగతి తీసే అదే మూల ఫోటో పక్కపక్కన పెడితే, ఈమధ్యలో ఎంత రంగు రాలిందో వేలుపెట్టి చూపవచ్చు. ఆ పిల్లలు మీ రిజిస్టరు తెరిచి వెతికేది "లేపాక్షి, పైకప్పు, ఈశాన్య మూల" అనే వరుసను. దాని ఎదుట మొదటి గడిలో 20260124_101530_అ_0042 అని ఉండాలి.