హెడ్డు మార్చే ముందు మీ హెడ్డునే ఒకసారి చూపించుకోండి

ఈసారి పురుగుల రోగాల గురించి కాదు, బండి గురించి రాస్తున్నా. పోయిన వారం చింతామణి పక్క నుంచి మన గ్రూపు తమ్ముడొకాయన ఫోన్ చేసినాడు. "అన్నా, పికప్ టైమింగ్ బెల్టు తెగిపోయింది. వాల్వులు వంగినాయంట. గుజరీలో హెడ్డు ఉంది, రాత్రికే వేసి ఇస్తానంటున్నాడు మెకానిక్. గూళ్లు ఎల్లుండి శిడ్లఘట్ట మార్కెట్‌కి పోవల్ల. వేయించేదా?" అన్నాడు.

వద్దు, గూళ్లు బాడుగ బండిలో పంపించు, హెడ్డు విప్పి లేత్ షాపుకి పంపు అని చెప్పినాను. ఆయనకి నా మాట నచ్చలేదు. సొంత బండి వాకిట్లో పెట్టుకుని బాడుగ ఎందుకు ఇయ్యాల అంటాడు. ఆ మాట నాకు కొత్త కాదు, మూడేళ్ల కింద నేనూ అదే అన్నాను.

అప్పుడు మా షెడ్డులో పురుగులు నాలుగో జ్వరం లేచి రెండు రోజులు. పంట మొత్తానికి తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఆ చివరి దశలోనే తింటాయని మీకు చెప్పే పని లేదు. గుత్తకు తీసుకున్న తోట నాలుగు కిలోమీటర్ల దూరం. అట్లాంటప్పుడు బెల్టు తెగింది. ఆ తొందరలో గుజరీ హెడ్డు వేయించినాను. మా పాత హెడ్డును మార్పిడి కింద వాళ్లకే ఇచ్చేసినాను, తూకానికి కట్టిన రేటుకి. రెండు నెలలు బాగానే తిరిగింది. తర్వాత రేడియేటర్లో నీళ్లు తగ్గడం, పొద్దున స్టార్ట్ చేస్తే తెల్ల పొగ. విప్పి చూస్తే రెండు వాల్వు సీట్ల నడుమ వెంట్రుక లాంటి చీలిక. అది ముందు నుంచీ ఉన్నదే. మళ్లీ గ్యాస్కెట్, మళ్లీ కూలి, మళ్లీ హెడ్డు. నా సొంత హెడ్డులో పోయింది మటుకు వాల్వులే. అది చక్కగా బాగయ్యేది. నేనే చేతులారా ఇచ్చుకున్నాను.

బెల్టు తెగితే లోపల అయ్యేది ఇది. క్యామ్ ఆగిపోతుంది, పిస్టన్లు మాత్రం ఇంకా తిరుగుతుంటాయి. ఆ క్షణంలో ఏ వాల్వు తెరుచుకుని ఉందో దాన్ని పిస్టన్ వచ్చి కొడుతుంది. డీజిల్ ఇంజిన్లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు హెడ్డుకీ దానికీ నడుమ సందు చాలా తక్కువ, అందుకే తప్పించుకోవడం కష్టం. వాల్వు కాడ వంగుతుంది, గైడు పగలొచ్చు, రాకర్ విరగొచ్చు. అయితే హెడ్డు పోత, అంటే ఆ అల్యూమినియం దిమ్మ, చాలాసార్లు బాగానే ఉంటుంది. వాల్వు తల విరిగి సిలిండర్లో పడి, దాన్ని పిస్టన్ హెడ్డుకేసి దంచితే మాత్రం కథ వేరే. అప్పుడు హెడ్డు ముఖం గుంతలు పడిపోతుంది, పిస్టనూ పోతుంది. మీది ఈ రెండింట్లో ఏదో విప్పి చూడకుండా ఎవరూ చెప్పలేరు. ఫోన్లోనే "హెడ్డు పోయింది" అనే మెకానిక్‌ని నేను నమ్మను.

లేత్ షాపులో అడగవలసింది ముందుగా ప్రెషర్ టెస్టు. హెడ్డులో నీళ్ల దారులన్నీ మూసి, గాలి పెట్టి, వేడినీళ్ల తొట్టిలో ముంచుతారు. బుడగ వస్తే చీలిక ఉన్నట్టు. ఆ తర్వాత ముఖం మీద స్కేలు పెట్టి ఫీలర్ గేజీతో వంపు చూస్తారు. పదో వంతు మిల్లీమీటరు వంపు కూడా చాలా ఇంజిన్లకు ఎక్కువే. ఫేసింగ్ చేయిస్తే వంపు పోతుంది, కానీ ఎంత తీసినారో అడగండి. ఎక్కువ తీస్తే వాల్వులు పిస్టన్‌కి ఇంకా దగ్గరవుతాయి. పోయిన వాల్వుల లెక్క కంటికి చూసి వేసేది కాదు. కొంచెం వంగింది కంటికి కనపడదు, డయల్ గేజీ మీద తిప్పి చూడల్ల. నన్నడిగితే ఒకటి వంగిన సిలిండర్లో రెండూ మార్చేయండి.

ఇంకొక పని చాలామంది చెయ్యరు. హెడ్డు విప్పినప్పుడే పిస్టన్లను ఒక్కొక్కటిగా పూర్తిగా పైకి తెచ్చి, బ్లాకు మీదికి ఎంత లేస్తున్నాయో కొలవమనండి. ఒకటి మిగతావాటికన్నా కిందనే నిలిస్తే కనెక్టింగ్ రాడ్డు వంగినట్టే. దాని మీద ఎంత మంచి హెడ్డు వేసినా దండగ. గ్యాస్కెట్ మందం కూడా చాలా డీజిల్ ఇంజిన్లలో ఆ కొలతను బట్టే ఎంచుతారు, అంచున ఉండే గాట్లు, రంధ్రాలు అందుకే. పాతదాన్ని పారేయకుండా కొత్తదాని పక్కన పెట్టి చూడండి.

టెస్టులో చీలిక తేలితే అప్పుడు హెడ్డు కొనండి, వద్దనను. నా లెక్కలో మొదట కంపెనీ హెడ్డు, వాల్వులూ స్ప్రింగులతో అమర్చి వచ్చేది. ఉత్త పోత తీసుకుంటే తక్కువకి వస్తుంది కానీ మీ పాత సామాను అందులోకి ఎక్కించాల, సీట్లు కూర్చోబెట్టాల. చేసే చెయ్యి మంచిదైతేనే లాభం. గుజరీ హెడ్డే దిక్కు అనుకుంటే, టెస్టు మీ ముందర చేయించి, బాగుంటేనే డబ్బులు అని మాట్లాడుకోండి. పోత మీది నంబరు మీ పాత హెడ్డుతో కలవల్ల. ఒకే పేరు బండికి వేరే వేరే ఏళ్లలో వేరే ఇంజిన్లు వచ్చినాయి, ఇంజెక్టర్ కూర్చునే చోటే తేడా ఉండొచ్చు. మీ పాత హెడ్డును మాత్రం కొత్తది స్టార్టయి వారం తిరిగేదాకా ఎవరికీ ఇయ్యొద్దు.

బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు ఒకేసారి మార్చండి. మా బండిలో మొదట పట్టేసింది టెన్షనర్ బేరింగే, బెల్టు దానివల్ల తెగింది. హెడ్డు బోల్టులు సాగే రకమైతే పాతవి మళ్లీ బిగించకూడదు. ట్రాక్టర్ వాళ్లకి ఈ బెల్టు గొడవ లేదు, అక్కడ పళ్ల చక్రాలు, పుష్‌రాడ్లు. వాళ్లు అదృష్టవంతులు.

మెకానిక్ చెప్పేదాంట్లో న్యాయం లేదని కాదు. లేత్ షాపు టౌన్లో, పోను రాను నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల బాడుగ ఎవరు కడతారని అడుగుతాడు. నేను కట్టినాను, లెక్క నా దగ్గర ఉంది. ఆకుకీ గూళ్లకీ నాలుగు రోజులు బాడుగ బండి పెట్టుకున్నా, నేను రెండోసారి హెడ్డు విప్పించిన ఖర్చులో సగం కాదు. గూళ్ల సంగతి వేరే. సీబీ ఐదారో రోజు, బైవోల్టిన్ ఏడెనిమిదో రోజు విడదీసినాక ఆగితే తూకం తగ్గుతుంది, ఇంకా ఆగితే చిలక గూడు తొలుచుకుని బయటికి వస్తుంది. బండి కోసం గూళ్లను ఆపుకోకండి, గూళ్ల కోసం బండికి ఏదో ఒకటి బిగించుకోకండి. రెండూ విడివిడి పనులు.

ఆ తమ్ముడు నిన్న సాయంత్రం మళ్లీ ఫోన్ చేసినాడు. గూళ్లు పక్కూరి బండిలో మార్కెట్‌కి పోయినాయి. హెడ్డు తొట్టిలో ముంచితే ఒక్క బుడగా రాలేదంట. నాలుగు వాల్వులు, రెండు గైడులు మారుస్తున్నారు. మూడో పిస్టన్ మాత్రం మిగతావాటంత పైకి లేవలేదంట, రాడ్డు విప్పుతున్నారు.