2,500లో 18: మన లెక్క తీసేదెవరు?

కోస్గి, కొడంగల్ ప్రాంతపు బడుల మీద ఎవరు మాట్లాడినా మాట గోడల దగ్గరే ఆగిపోతోంది. 2022లో ‘మన ఊరు - మన బడి’కి 7,289 కోట్లన్నారు. 2025 మార్చిలో 55 యంగ్ ఇండియా సమీకృత గురుకులాలకు 11,000 కోట్లు, అంటే ఒక్కోదానికి 200 కోట్లు మంజూరు చేశారు. పొగిడేవారు ఎకరాలు లెక్కపెడుతున్నారు, తిట్టేవారు టెండర్లు లెక్కపెడుతున్నారు. కొత్త గురుకులాల నమూనాలో 5,000 పుస్తకాల గ్రంథాలయం కూడా ఉంది. ఆ పుస్తకాలు ఎవరు రాసినవి, వాటిలో ఎవరి పిల్లలు కనిపిస్తారు అన్న ప్రశ్న మాత్రం అధికార పక్షం నుంచీ రాలేదు, ప్రతిపక్షం నుంచీ రాలేదు. ప్రజల సొమ్ముతో కొనే ప్రతి పిల్లల పుస్తకాన్నీ ఈ కోణంలో లెక్కగట్టాలి, ఆ లెక్కను ప్రజల ముందు పెట్టాలి. కొనేశాక చేసే పని కాదిది, కొనకముందే చేయాలి.

ఇందుకు ఆధారం మన విద్యా చర్చల్లో ఎవరూ ఎత్తని ఒక అంకె. 1985లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన బాలల పుస్తక కేంద్రం ఆ ఏడాది అచ్చయిన పిల్లల పుస్తకాలను ముందు వేసుకుని లెక్కపెట్టింది. సుమారు 2,500 పుస్తకాల్లో నల్లజాతి రచయితలు, చిత్రకారుల చేతి నుంచి వచ్చినవి 18. దేశ జనాభాలో పదోవంతుకు మించిన సమాజానికి దక్కిన వాటా వెయ్యికి ఏడు. పౌరహక్కుల చట్టం వచ్చి ఇరవై ఏళ్లు దాటాక, నల్లపిల్లలకు వేరు బడులు చెల్లవని అక్కడి సుప్రీంకోర్టు చెప్పి ముప్పై ఏళ్లు దాటాక తేలిన అంకె ఇది. బడి తలుపు తెరుచుకున్నా పుస్తకం తలుపు మూసే ఉందని 2,500లో 18 రుజువు చేసింది. లెక్కపెట్టకపోయి ఉంటే అంతా బాగుందనే అనుకునేవారు.

ఆ పద్దెనిమిది వెనుక ఉన్న జీవితాలు ఎలాంటివో నల్లజాతి రచయిత వాల్టర్ డీన్ మయర్స్ కథ చెబుతుంది. 1937లో పుట్టి, పసితనంలోనే తల్లిని పోగొట్టుకుని, న్యూయార్క్‌లోని హార్లెంలో పెంపుడు తల్లిదండ్రుల దగ్గర పెరిగాడు. మాట తడబడే పిల్లవాడు. పుస్తకాలంటే ప్రాణం, కానీ చదివిన పుస్తకాల్లో తనలాంటివాడు లేడు. చదువు మధ్యలో వదిలి 17 ఏళ్లకే సైన్యంలో చేరాడు. జేమ్స్ బాల్డ్విన్ రాసిన ఒక హార్లెం కథ చదివాకే తన వీధి గురించి రాయడానికి తనకు అనుమతి దొరికినట్టయిందని తర్వాత చెప్పుకున్నాడు. వందకు పైగా పుస్తకాలు రాసిన ఈ మనిషిని వెతికి పట్టుకున్నది మార్కెట్ కాదు. పిల్లల పుస్తకాల్లో జాతుల సమానత్వం కోసం ఏర్పడిన ఒక మండలి నల్లజాతి కొత్త రచయితలకు 1968లో పెట్టిన పోటీలో ఆయన గెలిచాడు, మరుసటి ఏడాది తొలి పుస్తకం వచ్చింది. తర్వాత అమెరికా బాలసాహిత్యపు న్యూబెరీ పతకం అందుకున్న మిల్డ్రెడ్ టేలర్ కూడా అదే పోటీ నుంచి వచ్చిన రచయిత్రి. ప్రతిభ ఉంటే దానంతట అదే పైకొస్తుందనేవారు ఈ ఇద్దరి సంగతి చూడాలి. మయర్స్ తాను చనిపోయిన 2014లో కూడా అదే ప్రశ్న పత్రికకెక్కించాడు: 2013లో వచ్చిన 3,200 పుస్తకాల్లో నల్లవారి గురించినవి 93 మాత్రమే, ఎందుకని? ఆ అంకె రేపిన చర్చ ఉద్యమమైంది. తర్వాతి ఏళ్లలో ఆ సంఖ్య కొన్ని రెట్లు పెరిగింది.

మనకూ ఇలాంటి రచయితలున్నారు, పక్కనే ఉన్నారు. కొడంగల్ ఉన్న వికారాబాద్ జిల్లాలోనే తాండూరు పక్కన పెద్దేముల్‌లో 1969లో పుట్టిన గోగు శ్యామల మాదిగ కుటుంబం నుంచి వచ్చిన రచయిత్రి. దళిత స్త్రీల రచనలను ‘నల్లపొద్దు’గా కూర్చారు, దళిత నాయకురాలు సదాలక్ష్మి జీవితాన్ని గ్రంథస్థం చేశారు. అన్వేషి సంస్థ 2008లో తెచ్చిన పిల్లల కథల వరుసలో ఆమె కథలున్నాయి. వాటిలో ఒకదాంట్లో పొలానికి నీళ్లు పెట్టబోయిన బాలమ్మ, ఊరంతా తాటకి అని పిలిచే పిల్ల, తనమీద చెయ్యి వేయబోయిన భూస్వామిని ఎదిరించి గెలుస్తుంది. మాదిగవాడ పిల్లను బాధితురాలిగా కాక గెలిచిన మనిషిగా పిల్లల ముందు నిలబెట్టిన కథ అది. ఆ వరుస తెలుగు, మలయాళం, ఇంగ్లిష్‌లలో వచ్చింది. అది మన సర్కారు బడుల్లో ఎన్నింటికి చేరిందని అడిగితే జవాబు చెప్పే పట్టిక ఏ కార్యాలయంలో ఉంది? 2,500లో 18 అని వాళ్లు చెప్పగలిగారు. మనం పైఅంకె కూడా చెప్పలేం, కిందంకె కూడా చెప్పలేం.

రాష్ట్రం వచ్చాక పాఠ్యపుస్తకాల్లో తెలంగాణ కవులకు, పండుగలకు, పలుకుబడికి చోటు దొరికిన మాట నిజం. దాన్ని కాదనడం లేదు. కానీ పాఠం పరీక్ష కోసం చదువుతారు, కథ ఇష్టంతో చదువుతారు. ఇష్టం పుట్టే చోట తన వాడ, తన తండా లేకపోతే పాఠంలోని ఒక పేజీ ఆ లోటు తీర్చదు. ఇక కథకు కులమేమిటి, పిల్లలంతా ఒక్కటే కదా అనేవారికి జవాబు వారి అల్మారాలోనే ఉంది. రాజకుమారులు, పేద బ్రాహ్మణులు, తెలివైన మంత్రులు తరతరాలుగా కథానాయకులైనప్పుడు లేని కులం, డప్పు కొట్టేవాడి కొడుకు కథానాయకుడు కాగానే ఎక్కడి నుంచి వచ్చింది? ఈ కథల్లోని కష్టం పిల్లలు తట్టుకోలేరన్నది మరో అభ్యంతరం. అమ్మానాన్న బొంబాయికో పూణేకో వలసపోతే ముసలవ్వ దగ్గర మిగిలిపోయే పాలమూరు పిల్లకు కష్టం కొత్త కాదు. దాన్ని గౌరవంగా చెప్పిన పుస్తకమే ఆమెకు కొత్త. అలాంటి పుస్తకం అవసరం ఆమెకొక్కదానికే కాదు. అమెరికా పిల్లల పుస్తకాల్లో నల్లవారు లేకపోవడం తెల్లపిల్లలకు ఇంకా ఎక్కువ చేటు చేస్తుందని అక్కడి విద్యావేత్త నాన్సీ లారిక్ 1965లోనే హెచ్చరించింది. పక్కవాడను చదవకుండా పెరిగిన పిల్లవాడు రేపు ఆ వాడ మీద అధికారం చేస్తాడు.

లెక్కలు తీస్తే సమాజం చీలుతుందన్న మాట ఈ రాష్ట్రంలో ఇక చెల్లదు. 2024లో ఇంటింటి తలుపు తట్టి కులం అడిగి, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని ప్రకటించింది ఈ ప్రభుత్వమే. మనుషుల కులం అడగడం న్యాయమైనప్పుడు పుస్తకాల అల్మారాను అడగడం నేరమెలా అవుతుంది? ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నది మాదిగవాడ, లంబాడీ తండా, చేనేత మగ్గం కూడా. తమ పైసలతో కొన్న పుస్తకాల్లో తమ పిల్లలున్నారో లేదో తెలుసుకునే హక్కు వాళ్లకుంది. చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. కొనుగోలు జాబితాలో ప్రతి పుస్తకం ఎదురుగా రచయిత ఏ ప్రాంతం, ఏ సమాజం నుంచి వచ్చారు, కథ ఎవరి బతుకు మీద నడుస్తుంది అన్న మూడు గడులు నింపి ఏటా ప్రకటించాలి. 1968 నాటి ఆ పోటీలాగా అట్టడుగు వాడల కొత్త రచయితలకు ఒక పోటీ పెట్టి, గెలిచినవాటిని అచ్చువేసి బడికి పంపాలి. కొడంగల్‌తోనే మొదలుపెట్టాలి. 200 కోట్ల ప్రాంగణానికి మూడు గడుల కాగితం భారం కాదు. ఆ కాగితం లేకుండా 5,000 పుస్తకాలు కొంటే, 1985 నాటి వాటా ప్రకారం వాటిలో మన వాడల చేతి నుంచి వచ్చేవి 36. ఆ 36 కూడా ఉంటాయన్న హామీ ఇవాళ ఏ అధికారీ ఇవ్వలేరు. ఇవ్వలేనంత కాలం ఆ అల్మారా తాళం ఇంకా దొర చేతిలోనే ఉన్నట్టు.