సీసాల లెక్క సరే.. లోపలి సరుకు మాటేమిటి?

కళ్యాణదుర్గం: కళాశాల ప్రయోగశాలలో యాసిడ్ ఎంత ఉంది, ఎవరి చేతికి ఎంత వెళ్లింది అన్నది ఆ కళాశాల సొంత వ్యవహారం కాదు. యాసిడ్ దాడి బాధితురాలు లక్ష్మి కేసులో 2013 జులై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం విద్యాసంస్థలు, పరిశోధనశాలలు, ఆసుపత్రులు, ప్రభుత్వ శాఖలు యాసిడ్ వాడకానికి రిజిస్టరు నిర్వహించి, దానిని సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు దాఖలు చేయాలి. నిల్వకు ఒక వ్యక్తిని బాధ్యునిగా నియమించాలి. ప్రయోగశాల నుంచి బయటకు వెళ్లే విద్యార్థులను, సిబ్బందిని తనిఖీ చేయాలి. కళ్యాణదుర్గం రెవెన్యూ డివిజన్ కేంద్రం కనుక ఈ ప్రాంత కళాశాలల లెక్క చేరవలసిన చోటు పట్టణంలోని ఆర్డీవో కార్యాలయమే. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజినీరింగ్ విద్యార్థినులపై జరిగిన యాసిడ్ దాడి గుర్తున్న వారికి ఈ ఆదేశాల అవసరం వేరుగా చెప్పనక్కర్లేదు.

అయితే రిజిస్టరు చెప్పేది కొన్నదెంత, ఖర్చయిందెంత అన్నంత వరకే. మిగిలిన సరుకు ఏ స్థితిలో ఉందో అందులో ఉండదు. అసలు చిక్కు అక్కడే ఉంది. నిధులు వచ్చినప్పుడే, ప్రయోగ పరీక్షల ముందు ఇండెంటు పెట్టి ఏడాదికి సరిపడా కొనడం చాలాచోట్ల అలవాటు. లవణ విశ్లేషణకు విద్యార్థి వాడేది చిటికెడు. 500 గ్రాముల సీసా ఒకటి తెరిస్తే ఏళ్ల తరబడి అరలోనే ఉంటుంది. ఈలోగా అధ్యాపకులు బదిలీ అవుతారు, కొత్తగా వచ్చినవారు జాబితా చూసి చార్జి తీసుకుంటారు. ఆమ్లపు ఆవిరికి లేబుళ్లు మాసిపోతాయి. పేరు తెలియని సీసాను పారవేస్తే ఆడిట్‌లో జవాబు చెప్పుకోవాలి, ఉంచితే ఎవరూ అడగరు. అందుకే అది బీరువాలోనే ఉండిపోతుంది.

కొన్ని రసాయనాలు కాలంతోపాటు స్వభావం మార్చుకుంటాయి. గాలి తగిలిన ఈథర్‌లో పేలే గుణమున్న పెరాక్సైడులు పుడతాయి. తడిగా ఉంచవలసిన పిక్రిక్ ఆమ్లం ఎండితే మూత తిప్పిన ఒరిపిడికే పేలవచ్చు. అలాంటి పాత సీసాను ముట్టకుండా నిపుణులను పిలవడమే మార్గం. సోడియం ముక్కలపై కిరోసిన్ తగ్గిపోతే నిప్పుకు దారి దొరికినట్టే. ఎండ 40 డిగ్రీలు దాటే ఈ మెట్టప్రాంతంలో గాఢ అమ్మోనియా సీసా మూత తీసేసరికి ఆవిరి ముఖం మీదికి చిమ్ముతుంది.

అక్షర క్రమంలో సర్దడం చూపుకు ముచ్చటగా ఉంటుంది గానీ, అసిటిక్ ఆమ్లం పక్కనే అమ్మోనియం నైట్రేటును చేర్చేది ఆ క్రమమే. ఒకటి మండేది, మరొకటి మంటను పెంచేది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పొటాషియం పర్మాంగనేటుతో కలిస్తే విషపు క్లోరిన్ వెలువడుతుంది. పేర్లను బట్టి కాక గుణాన్ని బట్టి అరలు విడదీయాలి.

నీటి ఎద్దడి మరో కోణం. కంటిలో ఆమ్లం పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లలో కుళాయిలో ధార ఉంటుందన్న హామీ లేదు. నిల్వ తక్కువగా పెట్టుకోవాలనడానికి ఈ కారణం ఒక్కటే చాలు.

నీటి పరీక్షల విషయంలో ముప్పు మరో రూపంలో ఉంటుంది. అనంతపురం జిల్లా ఫ్లోరైడు పీడిత ప్రాంతం. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చని, వేరే నీరు లేనిచోట 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం చెబుతోంది. రంగు తేడాను బట్టి ఈ కొలత తీసే రసాయనం గడువు దాటితే పేలదు, మండదు. తప్పు అంకె చూపించవచ్చు, అంతే. ఆ అంకెను నమ్మి ఊరంతా అదే బోరు నీరు తాగుతుంది. ట్యాంకుల్లో కలిపే బ్లీచింగ్ పౌడరు కూడా వేడికి, తేమకు క్లోరిన్ బలం కోల్పోతుంది. బస్తాల లెక్క మాత్రం చెక్కుచెదరదు.

నిల్వ ఎంతో తెలిసీ దాని స్థితి పట్టించుకోకపోతే ఏమవుతుందో, చాలా పెద్ద స్థాయిలో, 2020 మే 7న విశాఖపట్నం ఎల్జీ పాలిమర్స్‌లో రాష్ట్రమంతా చూసింది. లాక్‌డౌన్ వేళ ట్యాంకులో ఉండిపోయిన స్టైరీన్ వేడెక్కి ఆవిరిగా వెలువడింది. 12 మంది మరణించారు. రసాయన చర్యను అదుపు చేసే నిరోధకం చాలినంత లేదని, శీతలీకరణలోనూ, ఉష్ణోగ్రత కొలతలోనూ లోపాలున్నాయని రాష్ట్ర ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది.

కళాశాలల స్థాయిలో చేయవలసింది ఖర్చుతో కూడినది కాదు. ప్రతి సీసాపై వచ్చిన తేదీ, తెరిచిన తేదీ రాయడం, చిన్న ప్యాకింగులే కొనడం, పాతది అయ్యాకే కొత్తది తెరవడం, ఏడాదికోసారి ఇద్దరు కలిసి సీసా సీసా చూసి జాబితా సరిచూడటం. ఒక కళాశాలలో మిగిలింది పక్క కళాశాలకు ఇచ్చుకునే వీలుంటే కొనుగోళ్లు ఇంకా తగ్గుతాయి.

కష్టం పాతవాటిని వదిలించుకోవడంలో ఉంది. పాదరసం, సీసం లవణాలను సింకులో పోస్తే చివరకు చేరేది భూగర్భ జలాల్లోకే. ప్రమాదకర వ్యర్థాలను అధీకృత శుద్ధి కేంద్రానికి పంపాలని 2016 నియమాలు చెబుతున్నాయి. అలాంటి కేంద్రం ఉన్న పరవాడ రాష్ట్రానికి ఆ చివర, విశాఖ పక్కన ఉంది. నాలుగు సీసాల కోసం ఏ కళాశాలా అంత దూరం వాహనం పంపలేదు. డివిజన్‌లోని విద్యాసంస్థలు, నీటి పరీక్ష కేంద్రాల నుంచి ఏడాదికోసారి ఒకేచోట సేకరించి, కాలుష్య నియంత్రణ మండలి ద్వారా తరలించడమే ఆచరణ సాధ్యం. యాసిడ్ రిజిస్టర్లు ఎలాగూ ఆర్డీవో కార్యాలయానికే చేరాలి. వాటితోపాటే పాత రసాయనాల జాబితానూ కోరితే ఎంత పోగుపడిందో ముందు తేలుతుంది.