యంత్రనాదం: వినడం, వినిపించడం

ఎలక్ట్రానిక్ సంగీతమనగానే మన విద్యార్థులలో అధికసంఖ్యాకులకు స్ఫురించేది బరాత్ ముందు నడిచే డీజే బండి. ఆ బండి మీది పెట్టెలు ఇరుప్రక్కల ఇండ్ల కిటికీలను అదరగొడుతుండగా పెద్దవారు చెవులు మూసుకొనడమూ, కుర్రవారు చిందులు వేయడమూ మనమందరం ఎరిగినదే. అదొక్కటే ఎలక్ట్రానిక్ సంగీతమైతే దానిని గురించి కళాశాల వార్షిక సంచికలో వ్రాయవలసిన అవసరం లేదు. కాని విద్యుత్తు సాయంతో నాదాన్ని పుట్టించడం, పట్టి నిలపడం, రూపు మార్చడం అనే విద్య వయస్సు నూరేళ్ళు దాటింది. దానికి కొమ్మలు అనేకం. ఒక కొమ్మ మీది పిట్టకు మరొక కొమ్మ మీది పిట్ట పాట తెలియదు. ఈ విద్యలో గొప్ప పనులు కొన్ని మరుగున పడిపోవడానికి ప్రతిభ లోపించడం కారణం కాదనీ, విన్నవాడు మరొకరికి వినిపించకపోవడమే కారణమనీ నా అభిప్రాయం.

1944లో కైరో నగరంలో హలీం ఎల్-దబ్ అనే యువకుడు ఉండేవాడు. చదివినది వ్యవసాయశాస్త్రం, మనస్సు మాత్రం సంగీతం మీద. ఒక రేడియో కార్యాలయం నుండి తీగె రికార్డరు ఎరువు తెచ్చుకొన్నాడు. టేపు ఇంకా వ్యాప్తిలోకి రాని ఆ రోజులలో సన్నని ఉక్కుతీగె మీద ధ్వనిని ముద్రించే యంత్రమది. ఈజిప్టులో ‘జార్’ అని స్త్రీలు జరుపుకొనే ఒక తంతు ఉన్నది. పట్టిన పీడను పాటతోను, డప్పుతోను వదలగొట్టే ఆచారం. హలీం ఆ పాటలను తీగె మీదికి ఎక్కించాడు. తరువాత ఆ గొంతులలోని మూలస్వరాలను తొలగించి, వాటి అనుస్వనాలను మాత్రమే మిగిల్చి, ప్రతిధ్వని గదిలో వాటిని మరల మ్రోగించి, మనుష్యకంఠమో గాలి హోరో తెలియని ఒక రచన చేశాడు. దానిని ఆ ఏడే కైరోలోని ఒక చిత్రశాలలో వినిపించాడు.

నాలుగేండ్ల తరువాత, 1948లో, పారిస్ రేడియోలో పనిచేసే పియేర్ షెఫేర్ రైలు బండ్ల శబ్దాలతో ఒక రచన చేసి ప్రసారం చేశాడు. చాలాకాలం సంగీత చరిత్రలు ఈ ప్రక్రియకు ఆద్యుడుగా షెఫేర్‌ను మాత్రమే పేర్కొన్నాయి. ఇది కుట్ర అని నేననను. షెఫేర్ చేతిలో రేడియో ఉన్నది, చుట్టూ సహచరులు చేరారు, తాను చేసిన దానిని గురించి ఆయన గ్రంథాలు వ్రాశాడు. హలీం చేతిలో ఉన్నది ఒక చిత్రశాల, కొద్దిమంది శ్రోతలు. ఆ తీగె మీది రచనలో సుమారు రెండు నిమిషాల భాగం 2000లో సీడీగా వెలువడిన తరువాతనే లోకానికి చేరింది. నడుమ యాభైఆరు సంవత్సరాలు! హలీం 1950లో అమెరికా చేరి, 1959లో న్యూయార్క్‌లోని కొలంబియా-ప్రిన్స్‌టన్ ఎలక్ట్రానిక్ సంగీత కేంద్రంలో లైలా-మజ్నూ కథ ఆధారంగా ‘లైలా అండ్ ది పొయెట్’ అనే రచన చేశాడు. మన ఉర్దూ విభాగంలో లైలా-మజ్నూ మస్నవీ చదవనివారు ఉండరు. ఈ రచన విన్నవారు ఎందరున్నారని అడిగితే నాకు సమాధానం దొరకలేదు. 2017లో ఆయన కన్నుమూసిన నాటికి నాకూ ఆయన పేరు తెలియదు.

మన దేశం మాటకు వస్తే కథ మరింత విచిత్రం. చరణ్‌జిత్ సింగ్ బొంబాయి సినిమా వాద్యబృందాలలో గిటారు, కీబోర్డు వాయించిన కళాకారుడు. ఆయన 1982లో పది రాగాలను డిస్కో లయకు కూర్చి ఒక ఎల్.పి. రికార్డు వెలువరించాడు. భూపాలి, మాల్‌కౌంస్, యమన్ మొదలైన రాగాలవి. అనగా మన మోహన, హిందోళ, కల్యాణులకు దగ్గరి బంధువులు. జపాను రోలాండ్ కంపెనీ వారి టీఆర్-808 తాళయంత్రాన్ని, టీబీ-303 అనే చిన్న పెట్టెను, జూపిటర్-8 సింథసైజరును ఆయన వాడాడు. ఈ టీబీ-303 నిజానికి గిటారు వాయించేవాడికి తోడుగా మంద్రస్వరాలు పలకడానికి చేసిన యంత్రం. ఆ పని దానికి సరిగా చేతకాలేదు. అమ్ముడుపోక 1984లో తయారీ ఆగిపోయింది. అయితే ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారడం దానికి బాగా వచ్చు. మన సంగీతంలో జారు, హిందుస్తానీలో మీండ్ అనే గమకం అదే కదా! కంపెనీ లోపమనుకొన్న చోట చరణ్‌జిత్ సింగ్ రాగాన్ని చూశాడు.

రికార్డు ఆడలేదు, అందరూ మరచిపోయారు. 1987లో అమెరికాలోని చికాగో నగరంలో ఫ్యూచర్ అనే బృందం పాతసామాన్లలో చవకగా దొరికిన అదే యంత్రం మరలను త్రిప్పి త్రిప్పి ‘యాసిడ్ ట్రాక్స్’ అనే రికార్డు చేసింది. దాని నుండి ‘యాసిడ్ హౌస్’ అనే శాఖ పుట్టి యూరప్ అంతటా వ్యాపించింది. చికాగో యువకులు బొంబాయి రికార్డు విని అనుకరించారనడానికి ఆధారం లేదు. వినే అవకాశమే వారికి లేదు. 2002లో ఎడో బౌమన్ అనే హాలెండు సేకర్త ఢిల్లీలోని ఒక దుకాణంలో ఆ ఎల్.పి.ని చూసి, విని, ఆశ్చర్యపడి, బొంబాయి వెళ్ళి చరణ్‌జిత్ సింగ్‌ను కలుసుకొని, 2010లో దానిని మళ్ళీ ముద్రించాడు. అప్పుడు విన్నవారిలో కొందరు ఇది ఎవరో ఈ మధ్య చేసి పాత తేదీ వేసిన బూటకమని అనుమానించారట. డెబ్భై దాటిన వయస్సులో ఆయన యూరప్ వేదికల మీద ఆ రాగాలు వాయించి, 2015లో దివంగతుడయ్యాడు. ఒక్క శ్రోత పూనుకొనకపోతే ఆ చివరి సంవత్సరాలు కూడా ఆయనకు దక్కేవి కావు. అహమదాబాదులోని జాతీయ డిజైన్ విద్యాసంస్థలో 1969 నుండి మూగ్ సింథసైజరు మీద చేసిన రచనల టేపులు కూడా ఇట్లే అర్ధశతాబ్దం బీరువాలో నిద్రించి, పాల్ పర్గస్ చొరవతో 2023లో రికార్డుగా వెలువడ్డాయి.

దీనికి భిన్నమైన ఉదాహరణ అమెరికాలోని డెట్రాయిట్. అక్కడ 1970ల చివర నుండి ఒక రేడియో వ్యాఖ్యాత రాత్రివేళ పాటలు వినిపించేవాడు. ‘ఎలెక్ట్రిఫయింగ్ మోజో’ అన్నది ఆయన పెట్టుకొన్న పేరు. ముఖం లోకానికి చూపేవాడు కాడు. ఆయనకు తెల్లవారి పాట, నల్లవారి పాట అన్న గీత లేదు. జర్మనీ యంత్రసంగీత బృందం క్రాఫ్ట్‌వెర్క్‌ను, నల్లజాతి ఫంక్ సంగీతాన్ని, రాక్ సంగీతాన్ని ప్రక్క ప్రక్కనే వినిపించేవాడు. ఆ రేడియో వింటూ పెరిగిన హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే నల్లజాతి యువకులు టెక్నో అనే కొత్త ప్రక్రియను సృష్టించారు. మోజో స్వయంగా ఏ స్వరమూ కూర్చలేదు, ఎంచి వినిపించాడంతే. ఆ సృష్టిలో ఆయన వాటా తక్కువదని నేను ఒప్పుకొనలేను.

యంత్రంలో ప్రాణముండదు గదా అని పెద్దలు కొందరు ఆక్షేపిస్తారు. (సంగీతం వినవచ్చునా లేదా అన్న విషయమై మన ఇండ్లలో భిన్నాభిప్రాయాలున్నాయి, ఆ చర్చ ఆలిములకు వదలుతున్నాను.) హార్మోనియం కూడా యూరప్ నుండి వచ్చిన యంత్రమే. మన రాగాలకు అది తగదని ఆకాశవాణి 1940 నుండి 1971 వరకు దానిని బహిష్కరించింది. ఆ ముప్ఫై ఏండ్లూ కవ్వాలులు దానిని వదలలేదు. మన పద్యనాటకం ఆడేవారూ వదలలేదు. ఈ రోజు హార్మోనియం లేని పద్యనాటకాన్ని ఎవరైనా ఊహించగలరా? ప్రాణం పెట్టెలో ఉండదు, వ్రేళ్ళలో ఉంటుంది. చరణ్‌జిత్ సింగ్ భైరవ్ విన్నవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఇక నేటి స్థితి. ఈనాడు విద్యార్థి చేతిలోని ఫోనులో లోకంలోని సంగీతమంతా ఉన్నది. నా చిన్ననాడు ఒక క్యాసెట్టు కొరకు రెండు బస్సులు మారిన సంగతి చెబితే మా తరగతిలో నవ్వుతారు. కాని ఆ ఫోను చేసే పని ఏమిటి? నిన్న విన్నదాని వంటిదే ఈ రోజు, ఈ రోజు విన్నదాని వంటిదే రేపు అందిస్తుంది. మోజో చేసినది సరిగా దీనికి విరుద్ధం. విద్యార్థులు కూడా పాటను ఒకరికొకరు పంపుకొంటారు గాని దానిని చేసినవాడెవడు, ఏ ఊరివాడు, ఏ సంవత్సరం చేశాడు అని అడిగితే ముఖముఖాలు చూసుకొంటారు. పేరు లేకుండా పంచిన పాట సగమే పంచినట్లు. మన కళాశాలలో ముషాయిరా జరుగుతుంది, అవధానం జరుగుతుంది. నెలకొక సాయంత్రం శ్రవణగోష్ఠి ఒకటి ఎందుకు జరుపరాదు? ఒక్కొక్కరు ఒక్క రచన తేవాలి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ వాద్యం మీద చేశారో నాలుగు మాటలు చెప్పి వినిపించాలి. తాను మామూలుగా వినే శాఖలోనిది తేరాదు. ఈ చివరి నియమమే ముఖ్యం.

మా మేనమామ గల్ఫ్ నుండి వచ్చినప్పుడు టూ-ఇన్-వన్ ఒకటీ, నకలు తీసిన క్యాసెట్లు ఒక సంచెడూ తెచ్చారు. వాటిలో ఒక దాని మీద ఎవరో కీబోర్డు మీద అరబ్బీ బాణీని, క్రింద యంత్రతాళంతో, ఇరవై నిమిషాలు వాయించాడు. నేను వందసార్లు విని ఉంటాను. అట్ట మీద పేరు లేదు, ఊరు లేదు, నీలిసిరాతో ‘సైడ్ బి’ అని మాత్రమే ఉన్నది. మామూను అడిగితే, గదిలో తోటి పనివాడు ఇచ్చాడన్నారు. ఆ క్యాసెట్టు మా ఇంట్లో ఉన్నది. శ్రవణగోష్ఠి మొదలైతే మొదటి సాయంత్రం దానినే తెస్తాను. గుర్తుపట్టగలవారు ఎవరైనా దయచేసి చెప్పండి.