జట్టు ఎవరిది?

తెలుగులో 'అభిమానం' అనే మాటకు రెండు అర్థాలున్నవి. ఒకటి ప్రేమ, ఆదరం. రెండవది తన గౌరవాన్ని తాను నిలుపుకొనే గుణం. దుర్యోధనుణ్ణి అభిమానధనుడని చెప్పుకోవటం ఈ రెండవ అర్థంలోనే. ఆటల జట్లను, సినీ నటులను ప్రేమించేవారిని కూడా మనం అభిమానులనే అంటున్నాము. ఆంగ్లంలో ఇందుకు వాడే 'ఫ్యాన్' అనే పొట్టిమాట 'ఫనాటిక్' నుండి పుట్టినదని నిఘంటుకారులలో అధికుల అభిప్రాయం. అంటే వారి మాటలో ఉన్మాదం ఉన్నది, మన మాటలో ఆత్మగౌరవం ఉన్నది. మాటలో ఉన్న ఆ గుణం మనిషిలో కూడా ఉన్నదా అన్నదే ఈ వ్యాసంలో నేను విచారించదలచిన విషయం.

ఈ విచారణకు నేను మనకు పరిచయం లేని ఆటను, అమెరికావారి బేస్‌బాల్‌ను ఎన్నుకొన్నాను. క్రికెట్ ఉండగా ఈ దూరపు ఆట ఎందుకని మీరు అడగవచ్చు. నగరానికొక జట్టు, జట్టుకొక యజమాని, ఆటగాళ్ల క్రయవిక్రయాలు అనే పద్ధతిని మన ఐ.పి.ఎల్. 2008లో ఆరంభించింది. అమెరికాలో ఆ పద్ధతి నూరేళ్లకు పైబడి వేళ్లూనుకొని ఉన్నది. దానిలోని తీపినీ చేదునూ తరతరాలుగా చవిచూచినవారు బేస్‌బాల్ అభిమానులు. వారి జట్టు వసంతకాలం నుండి సెప్టెంబరు చివరి వరకు ఇంచుమించు ప్రతిదినమూ ఆడుతుంది. నేడు ఒక్కొక్క జట్టుకు ఏడాదికి 162 పోటీలు. కనుక అక్కడి అభిమానం పండుగనాటి పిండివంట వంటిది కాదు, రోజూ తినే అన్నం వంటిది. తండ్రి ఏ జట్టు పక్షమో సాధారణంగా కొడుకూ ఆ పక్షమే.

చికాగోలో డెవాన్ వీధి చుట్టుపట్ల మన హైదరాబాదీ కుటుంబాలు చాలా ఉన్నవి. మా ఖాలాగారి అబ్బాయి ఒకడు ఆ పరిసరాలలోనే ఉంటున్నాడు. 2016 నవంబరులో అతడు ఫోను చేసి, రిగ్లీ ఫీల్డ్ మైదానపు ఇటుక గోడల మీద జనం సుద్దముక్కలతో పేర్లు వ్రాస్తున్నారని చెప్పాడు. వాటిలో ఎన్నో చనిపోయిన తండ్రుల పేర్లు, తాతల పేర్లు, అవ్వల పేర్లు. చికాగో కబ్స్ జట్టు 1908లో వరల్డ్ సిరీస్ గెలిచిన తరువాత మరల గెలవటానికి 108 సంవత్సరాలు పట్టింది. (పేరుకు అది ప్రపంచ పోటీ, ఆడేది మాత్రం వారి లీగు జట్లే!) ఆ మధ్యకాలంలో పుట్టి, ప్రతి వసంతంలో ఆశపడి, ప్రతి శరత్తులో నిరాశపడి, గెలుపు చూడకుండానే గతించినవారి పేర్లవి. "భాయిజాన్, షబే బరాత్ రాత్రి మన ఖబరస్తాన్ గుర్తుకొచ్చింది" అన్నాడతడు. నేను మొదట నవ్వాను. తరువాత ఆ ఆటను గురించి చదవటం మొదలుపెట్టాను.

అలా చదివినవాటిలో నన్ను పట్టి నిలిపినది గెలుపు కోసం వేచిన చికాగో కథ కంటె, జట్టునే పోగొట్టుకొన్న బ్రూక్లిన్ కథ. బ్రూక్లిన్ ఒకప్పుడు స్వతంత్ర నగరం. 1898లో న్యూయార్కులో కలిసిపోయి అందులో ఒక భాగమైనది. నగరమన్న హోదా పోయిన ఆ ఊరికి పేరు నిలిపింది డాడ్జర్స్ అనే బేస్‌బాల్ జట్టు. వీధులలో ట్రాలీ బండ్ల నుండి తప్పించుకొంటూ నడిచేవారని బ్రూక్లిన్ వాసులకు వచ్చిన ఎగతాళి పేరే జట్టుకు స్థిరపడింది. 1913లో తెరచిన వారి మైదానం ఎబెట్స్ ఫీల్డ్. చిన్నది, పట్టేది సుమారు 32 వేలమంది. ఇటలీ నుండి వచ్చినవారు, యూదులు, ఐర్లండువారు, నల్లజాతివారు అందరూ ఆ బల్లల మీద పక్కపక్కన కూర్చునేవారు. రేడియో రోజులలో వేసవి మధ్యాహ్నం వీధి వెంట నడిచిపోతూ ఉంటే ఇంటింటి కిటికీ నుండి వినిపించే వ్యాఖ్యానంతోనే ఆట అంతా తెలిసిపోయేదని ఆ తరంవారు చెప్పుకొనేవారు.

ఈ జట్టు ఓటమికి ప్రసిద్ధి. 1916, 1920, 1941, 1947, 1949, 1952, 1953 సంవత్సరాలలో వరల్డ్ సిరీస్‌కు చేరి ఏడుసార్లూ ఓడిపోయింది. చివరి ఐదు ఓటములూ పొరుగునే ఉన్న సంపన్న జట్టు యాంకీస్ చేతిలోనే. 'వచ్చే ఏడు చూడండి' అనటం బ్రూక్లిన్‌వారికి ఊతపదమైపోయింది. తమ జట్టును వారు ముద్దుగా 'బమ్స్' అనేవారు. పనికిమాలిన దిమ్మరులని దాని అర్థం. విల్లార్డ్ ములిన్ అనే చిత్రకారుడు పత్రికలో చినిగిన బట్టల దిమ్మరి బొమ్మ గీస్తే, దానినే తమ జట్టుకు చిహ్నంగా నెత్తిన పెట్టుకొన్నారు. హిల్డా చెస్టర్ అనే ఆవిడ చౌక బల్లల మీద కూర్చుండి, పశువుల మెడగంట మోగిస్తూ ఆటగాళ్లను కేకలు వేసేది.

తెలుగు చదువుకొన్నవారికి ఇది వింత కాదు. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకంలో తన దేవుణ్ణి ఎత్తిపొడిచిన తీరును, గోలకొండ చెరసాలలో రామదాసు తన రాముణ్ణి నిలదీసిన తీరును మనం పాఠంగా చదువుకొన్నాము. దానికి నిందాస్తుతి అని పేరు. తనవాడనుకొన్నవాణ్ణే మనిషి అలా నిందించగలడు. ఉర్దూ విద్యార్థులకు గజల్‌లోని ప్రేమికుడు గుర్తుకు రావచ్చు. అతని ప్రియురాలు కన్నెత్తి చూడదు, అయినా అతని వఫా చెదరదు. కాని ఈ ఇద్దరికీ ఒక భేదమున్నది. గజల్ ప్రేమికుడు బాధపడటమే భాగ్యమనుకొంటాడు. రామదాసు చేసిన ఖర్చుకు లెక్క అడుగుతాడు. అభిమాని ఈ ఇద్దరిలో ఎవరిలా ఉండాలి? నా ఓటు రామదాసుకే.

1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ డాడ్జర్స్ పక్షాన మైదానంలో దిగాడు. అంతకుముందు అరవై ఏళ్లకు దగ్గరగా పెద్ద లీగులలో నల్లజాతివారికి ప్రవేశం లేదు. అది ఎక్కడా వ్రాయని నిషేధం, యజమానులందరూ పాటించిన నిషేధం. జట్టు అధ్యక్షుడు బ్రాంచ్ రికీ దానిని దాటినప్పుడు సొంత ఆటగాళ్లలోనే కొందరు రాబిన్సన్‌తో కలిసి ఆడబోమని వినతిపత్రం తలపెట్టారు. పరాయి మైదానాలలో అతడు పడిన దూషణలు ఇక్కడ వ్రాయదగినవి కావు. బ్రూక్లిన్ అభిమానులందరూ మహాత్ములని నేను అనను. అయితే తమ జట్టు చొక్కా తొడిగినవాణ్ణి పరాయివాడు తిడితే ఊరుకోకపోవటం అభిమాని స్వభావం. ఎన్ని ఉపన్యాసాలు విన్నా మారని మనుషులు కొందరు ఆ స్వభావం చేతనే మారారు. అల్పసంఖ్యాక వర్గపు కళాశాలలో చదువుతున్న మీకు దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. రాబిన్సన్ ధరించిన 42వ సంఖ్యను 1997లో లీగులోని జట్లన్నీ కలిసి అతని గౌరవార్థం విరమింపజేశాయి.

1955 అక్టోబరు 4న, ఏడవ పోటీలో 2-0తో యాంకీస్‌ను ఓడించి డాడ్జర్స్ ఎట్టకేలకు గెలిచారు. ఎదురుచూచిన 'వచ్చే ఏడు' వచ్చింది. దాని తరువాత రెండేళ్లకే జట్టు పోయింది.

యజమాని వాల్టర్ ఓమాలీ పాత మైదానం చాలదన్నాడు. బ్రూక్లిన్ నడిబొడ్డున కొత్త మైదానానికి స్థలం కావాలన్నాడు. నగర నిర్మాణాలను చేతిలో పెట్టుకొన్న రాబర్ట్ మోజెస్ అనే అధికారి అక్కడ కాదు, క్వీన్స్ ప్రాంతంలో కట్టుకోమన్నాడు. లాస్ ఏంజెలిస్ నగరం స్థలమిస్తామని పిలిచింది. ఇద్దరిలో దోషి ఎవరని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకొంటున్నారు. నాకు తోచేదేమంటే, ఆ ఇద్దరిలో ఎవరూ బల్లల మీద కూర్చున్నవారిని ఒక్కమాట అడుగలేదు. 1957లో కూడా పదిలక్షలకు పైగా జనం ఆ మైదానానికి వచ్చారు. సెప్టెంబరు 24న జరిగిన ఆఖరి పోటీకి వచ్చినవారు 6,702 మంది. 1960లో మైదానాన్ని కూల్చినప్పుడు, కూల్చే ఇనుప గుండుకు బేస్‌బాల్ బంతిలా రంగు పూశారు. అంత రసికత ఎవరికి తోచిందో కాని, నాకు మాత్రం అది శవం మీద చేసిన పరిహాసంగా కనిపిస్తుంది. ఆ స్థలంలో ఇప్పుడు నివాస భవనాలున్నవి. అటు లాస్ ఏంజెలిస్‌లో కొత్త మైదానం లేచిన చావెజ్ రవీన్ నుండి, అక్కడ తరాలుగా ఉన్న మెక్సికన్ కుటుంబాలను అంతకుముందే ఖాళీ చేయించారు. మిగిలిన ఆఖరివారిని 1959లో బలవంతంగా లాగివేశారు. అంటే జట్టు పోయిన చోటా కన్నీరే, వచ్చిన చోటా కన్నీరే.

డబ్బు పెట్టినవాడు తన సొత్తును ఎక్కడికైనా తీసుకొనిపోవచ్చును గదా అని మా వాణిజ్య శాఖ మిత్రుడొకరు వాదించారు. చట్టం ఆయన పక్షమే. పైగా 1922లో అమెరికా సుప్రీంకోర్టు, వర్తక గుత్తాధిపత్యాన్ని నిరోధించే చట్టం బేస్‌బాల్‌కు వర్తించదని తీర్పు చెప్పింది. అయితే ఒక మాట. కిరాణా దుకాణంవాడు ఊరు మారితే సరుకు తీసుకొని పోతాడు. అతడు ఊరి పేరును అమ్ముకొని బ్రతికినవాడు కాడు. జట్టు యజమాని అమ్మేది ఊరి పేరునే. ఆ పేరుకు విలువ కట్టినది నలభై ఏళ్లు ఓటములు భరించిన జనం. ఆ పెట్టుబడి ఏ ఖాతాలోనూ కనబడదు కనుక లేదనటం న్యాయం కాదు.

దీనికి వేరే మార్గం లేకపోలేదు. అమెరికాలోనే గ్రీన్ బే అనే చిన్న పట్టణపు ఫుట్‌బాల్ జట్టు 1923 నుండి వేలాది సామాన్య వాటాదారుల చేతిలో ఉన్నది. ఆ వాటాలకు లాభం రాదు, జట్టు ఊరు దాటదు. జర్మనీ ఫుట్‌బాల్‌లో కొన్ని మినహాయింపులు తప్ప, ఓటింగు హక్కులో సగానికి పైగా క్లబ్బు సభ్యుల వద్దనే ఉండాలన్న నియమమున్నది. చట్టం లేని చోట అభిమానులే పూనుకొన్న సందర్భమూ ఉన్నది. ఓక్లండ్ నగరపు బేస్‌బాల్ జట్టును తరలించనున్నారని తెలిసి, 2023 జూన్ 13న ఇరవైఏడు వేలకు పైగా జనం ఖాళీగా ఉండే మైదానాన్ని నింపి, జట్టును అమ్మివేయమని యజమానిని నిలదీశారు. జట్టు ఆగలేదు, 2024 తరువాత వెళ్లిపోయింది. ఐనా వారు లెక్క అడిగారు.

మరి మనం? డెక్కన్ చార్జర్స్ 2008లో అందరికంటె కడపట నిలిచి, 2009లో ఐ.పి.ఎల్. విజేతలై, 2012లో రద్దయినారు. మరుసటి వేసవికి మనం కొత్త చొక్కా కొనుక్కొన్నాము. ఫుట్‌బాల్ కథ ఇంకా విచిత్రం. 2019లో పూణే జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్.సి. వచ్చింది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు గెలిచింది. 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకొన్నది. పోయినప్పుడు బాధపడ్డాము, మంచిదే. వచ్చినప్పుడు పూణేవారి సంగతి మనలో ఎందరు తలచుకొన్నారు?

ఎవరూ అమ్మలేని జట్టు కూడా మనకు ఉండేది. సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. దానిని ఏ యజమానీ తరలించలేదు. మనమే మరచిపోయినాము. 2024లో హిందీ సినిమా వచ్చేదాకా మా తరగతిలో ఆయన పేరు తెలిసినవారు ఇద్దరే.

గత డిసెంబరులో మన కళాశాల ఫుట్‌బాల్ జట్టు అంతర కళాశాలల పోటీలో ఆడిననాడు గట్టు మీద ఎనిమిదిమందిమి కూర్చున్నాము. అందులో ఇద్దరు క్యాంటీనువారు. మనవాళ్లు మూడు గోల్స్ తేడాతో ఓడిపోయారు. ఆటగాళ్ల పేర్లు వ్రాసుకొందామని వ్యాయామ విభాగానికి వెళ్లి అడిగితే, పాత సంవత్సరాల జాబితాలేవీ దొరకలేదు. కమిటీవారు ఒక రిజిస్టరు, గోడకొక బల్ల ఇప్పిస్తే ఏడాదికేడాది జట్టు పేర్లు ఉర్దూలోను తెలుగులోను వ్రాయించే పని నేను చూచుకొంటాను. పూర్వవిద్యార్థులలో ఆడినవారెవరైనా ఈ పత్రిక చూచినట్లయితే తమ పేరూ, ఆడిన సంవత్సరమూ తెలుపుతూ కార్డు వ్రాయగోరుతున్నాను. ఓడిన సంవత్సరాలైనా సరే.